‘క్షమించడమైనది’ అన్న మాట కొట్టివేయుట గురించి

ఆసుపత్రుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శుద్ధి గది సహాయకురాలు, ఉద్యోగి సంఖ్య 417, ఇటీవల మరణించినవారు – వారిపై వెలువడిన తుది ఉత్తర్వులో ఒక మాట తొలగించి, ఆ స్థానంలో తగిన మాట చేర్చుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు తుది ఉత్తర్వు, సదరు ఉద్యోగి సమర్పించిన సంజాయిషీ, పంచదార డబ్బా మూత ఒకటి (జతపరచడమైనది).

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు ఉద్యోగి నా భార్య. తమ ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే గదిలో ఇరవై రెండు సంవత్సరాలు పనిచేసింది. ఆమె మరణించిన ఏడు వారాలకు తుది ఉత్తర్వు మా ఇంటి చిరునామాకు ఆమె పేరునే వచ్చింది. సంతకం చేసి నేను తీసుకున్నాను. అందులో చివరి పేరా ఇది: “సదరు ఉద్యోగి తన వలన జరిగిన పొరపాటును స్వయముగా అంగీకరించి మన్నింపు కోరియున్నందునను, ఇంతలో మరణించినందునను, మానవతా దృక్పథముతో ఆమె తప్పును క్షమించడమైనది. ఫైలు మూసివేయడమైనది.”

2. క్షమించడానికి తప్పంటూ ఒకటి ఉండాలి. ఆమె తప్పు చేయలేదు. ఆ మాట కొట్టివేసి “సదరు ఉద్యోగి నిర్దోషి” అని రాయించవలసిందిగా నా ప్రార్థన. ఆధారం జతపరిచాను. ఆధారం ఇన్నాళ్ళూ ఎక్కడున్నది, ఎవరివల్ల ఉన్నది అనేది కింది పేరాలలో ఉంది.

3. ఇదే కోరికతో పోయిన వారం తమ కార్యాలయం ఏడో కౌంటరుకు వచ్చాను. అక్కడి గుమాస్తా మర్యాదస్థుడు. ఉత్తర్వు రెండుసార్లు చదివాడు.

“క్షమించారు కద సార్. ఇంకేం కావాలి మీకు?”

“నిర్దోషి అని కావాలి.”

“దానికి మా ఫారంలో గడి లేదు సార్. శిక్ష, తగ్గింపు, క్షమాపణ, మూసివేత. నాలుగే గళ్ళు. మీవాళ్ళకి ఒకటికి రెండొచ్చాయి.”

“ఏ తప్పూ చెయ్యనివాళ్ళు ఈ కార్యాలయానికి ఎప్పుడూ రాలేదా?”

“వస్తారు సార్. వాళ్ళని మూసివేతలో వేస్తాం.” నా వయసు చూసి కాబోలు, గొంతు తగ్గించాడు. “ఆవిడెలాగూ లేరు కదండీ. ఈ కాగితం ఎవరికిద్దామని?”

దానికి సమాధానం తొమ్మిదో పేరాలో ఇచ్చాను. అక్కడ నాకు తోచలేదు.

4. మాటల విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. డిగ్రీలో భాషే నా ప్రధాన విషయం. ముప్పై ఏళ్ళుగా మరో కార్యాలయంలో ఉత్తర్వుల చిత్తుప్రతులు రాసే ఉద్యోగం నాది. ‘ఫైలు మూసివేయడమైనది’ అంటే చదివే ఓపిక ఎవరికీ లేకపోయిందని. ‘సందేహము క్రింద విడిచిపెట్టడమైనది’ అంటే రుజువు మాకు దొరకలేదని, చేయలేదని కాదు. ‘క్షమించడమైనది’ అంటే చేసిందని, మేం పెద్దమనసు చూపించామని. ఈ మూడు మాటలూ కార్యాలయం గురించి చెబుతాయి. ‘నిర్దోషి’ ఒక్కటే మనిషి గురించి చెబుతుంది. ముప్పై ఏళ్ళలో ఆ మాట నేను రెండు ఫైళ్ళలో రాశాను. రెండుసార్లూ పైవారు కొట్టేసి ‘చర్య అవసరము లేదు’ అని దిద్దారు. నేను శుద్ధప్రతి తీసి పంపాను. అప్పుడా మనుషులు ఏమయ్యారో కనుక్కోలేదు.

5. ఇక అసలు సంగతి. శుద్ధి గదిలో పరికరాలను గుడ్డల్లో మూటకట్టి, మూట మీద లేతరంగు టేపు అంటించి, యంత్రంలో పెడతారు. ఒక విడతను లోడు అంటారు. టేపు మీద కనపడీ కనపడని గీతలుంటాయి. ఆవిరి తగలవలసినంత తగిలితే అవి నల్లబడతాయి. లోడు బయటికి తీశాక ఒక ముక్క ఊడదీసి, దాని మీద లోడు సంఖ్య, తేదీ, గంట రాసి, పొడి అక్షరాలు పెట్టి, రిజిస్టరులో అంటించాలి. ఆ ముక్క ఉంటే లోడు జరిగినట్టు. లేకపోతే జరగనట్టు.

అప్పుడప్పుడు రిజిస్టరు తనిఖీకని పై అంతస్తుకు వెళుతుంది. ఆ రోజు ముక్కను జేబులో వేసుకుంటే బట్టలతో పాటు ఉతుకులో పోతుంది. గోడకు అంటిస్తే ఆ గదిలో చెమ్మకు రాలిపోతుంది. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళంతా దాన్ని తమ లంచ్ బాక్స్ మూతకు అంటించుకుంటారు. బాక్స్ ఇంటికి వెళ్తుంది, మర్నాడు తప్పకుండా తిరిగి వస్తుంది. ఇది నియమావళిలో లేదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే నేర్పుతారు. విచారణాధికారి గారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అడగలేదు కూడా.

6. సదరు దినమున రిజిస్టరు పై అంతస్తులో ఉంది. మూడో లోడు ముక్క మూతకు అంటించుకుని ఆమె సాయంత్రం ఇంటికి వచ్చింది. మా ఇంట్లో గిన్నెలు తోమడం నా పని. నేను చేసే ఇంటిపని అదొక్కటే కావడాన దాని గురించి నలుగురిలోనూ చెప్పుకునేవాణ్ణి. ఆమె లోపల నడుం వాలుస్తూ, “ఏమండీ, ఇవాళ మూత కడక్కండి” అంది. “సరే” అన్నాను. నేను రేడియో వింటున్నాను. ఆమె ఏం చెప్పినా సరే అనడం నాకు అలవాటు. దానివల్ల మేం ఎన్నడూ పోట్లాడుకోలేదని చుట్టాల్లో మంచిపేరు.

మూత కడిగాను. టేపు ఊడి వచ్చింది. ఇంకా జిగురుంది. పంచదార డబ్బా మూత పగిలి, చీమలు పడుతున్నాయి. ఆ పగులుకు అది అంటించాను. సరిగ్గా సరిపోయింది. పారేయకుండా వాడుకున్నానని సంతోషించాను కూడా.

మర్నాడు పొద్దున్న నేను గడ్డం గీసుకుంటున్నాను.

“ఏమండీ, మూత మీద టేపు ముక్కేది?”

“ఏ టేపు?”

“అదేనండీ, నల్ల గీతల ముక్క.”

“నేను చూళ్ళేదు.”

చెత్తబుట్ట కాగితం మీద కుమ్మరించి వెతికింది. తూము దగ్గర చెయ్యి పెట్టి వెతికింది. ఆమె పంచదార మానేసి నాలుగేళ్ళు. ఆ డబ్బా పై అరలో ఉంటుంది. నా టీ నేనే పెట్టుకుంటాను, తియ్యగా తాగేదీ నేనే. ఆమె అటు చూడలేదు. ఆలస్యమైపోతోందని వెళ్ళిపోయింది. రిజిస్టరులో “ముక్క దొరకలేదు; లోడు జరిగినది” అని రాసి సంతకం పెట్టింది. నేను అబద్ధం చెప్పలేదు, గుర్తు రాలేదు అంతే. ఈ రెంటికీ చాలా తేడా ఉందని చాలాకాలం అనుకున్నాను.

7. తొమ్మిది రోజుల తర్వాత, ఆ మూడో లోడు పరికరాలతో కాలికి ఆపరేషన్ చేయించుకున్న ఒక డ్రైవరుకు కోత చీము పట్టింది. ఆయన అయిదు వారాలకు కోలుకుని ఇంటికి వెళ్ళారని తెలిసింది, సంతోషం. చీము ఎందువల్ల పట్టిందో నాకు తెలియదు, తమ విచారణలోనూ తేలలేదు. రిజిస్టరులో ముక్క లేదన్నది ఒక్కటే తేలింది. శుద్ధి చేయకుండానే చేసినట్టు రాసిందని మెమో ఇచ్చారు. సస్పెండు చేశారు. ఆ కాగితం క్యాంటీను పక్కనున్న నోటీసు బోర్డు మీద ముప్పై ఒక్క రోజులు ఉంది.

సంజాయిషీ నేను రాశాను. నిజానికి ఈ అర్జీలో తమకు నేను చెప్పుకోవలసిన ముఖ్య విషయం ఇది.

రాయబోయే ముందు ఆమెను అడిగాను: “నిజంగానే ఆ లోడు పెట్టావా?”

“మీరు కూడానా?” అంది.

నా ముప్పై ఏళ్ళ అనుభవమంతా పెట్టి ఒక పేజీ రాశాను. చదివి వినిపించాను. “నా వలన జరిగిన పొరపాటును పెద్దమనసుతో మన్నించవలసినదిగా” అన్న చోట ఆపింది.

“నేను చెయ్యనిదానికి మన్నించమనడం ఏంటండీ?”

“అది ఆఫీసు భాష. అందులో మాటలకి అర్థాలు చూడకూడదు. ఇలా రాస్తే ఒక హెచ్చరికతో పోతుంది. కాదు లేదని వాదిస్తే ఏళ్ళు పడుతుంది.”

“అర్థం లేనప్పుడు తీసెయ్యండి మరి.”

“తీసేస్తే పొగరనుకుంటారు.”

కాసేపు కాగితం చూసింది. సంతకం పెట్టి, కలానికి మూత పెట్టి నాకిచ్చింది. “మీ భాష మీకే తెలియాలి” అంది.

అక్షరదోషాలున్నాయేమోనని నేను మరోసారి చూసుకున్నాను. ఒక్కటీ లేదు. తమ తుది ఉత్తర్వు ‘స్వయముగా అంగీకరించి’ అన్నది ఆ వాక్యాన్ని ఆధారం చేసుకునే. ఆమె స్వయంగా అంగీకరించలేదు. నేను అంగీకరింపజేశాను.

8. సంజాయిషీ పంపిన అయిదు వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం పంచదార నింపుతూ మూత వెలుతురులో పెట్టాను. లోడు 3. తేదీ. రెండూ నలభై. ఆమె పొడి అక్షరాలు. గీతలు కాటుకలా నల్లగా ఉన్నాయి. దాని మీద ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ టేపు కూడా అంటించి ఉంది, అంచులు కత్తెరతో సమంగా కత్తిరించి. అది కూడా నేనే వేసి మరిచిపోయి ఉంటాననుకున్నాను. ఆమె పక్కగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. నాలుగు అడుగుల దూరం. నేను మూత పెట్టేసి, డబ్బా పై అరలో పెట్టాను.

చెప్పకపోవడానికి కారణాలు ఆ రోజు చాలా కనిపించాయి. సంజాయిషీ వెనక్కి తీసుకుంటే అది రాసిందెవరని అడుగుతారు. నేను ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసుకోవాలని ఆమెకు అప్పటికి రెండుసార్లు చెప్పి ఉన్నాను. ఆ చెప్పిన నోటితో ఇది చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాను. ఆ మాట పందొమ్మిది రోజులు వాడాను.

ఇరవయ్యో రోజున ఆమె వంటగదిలో కూలబడింది. తమ ఆసుపత్రికే తీసుకువెళ్ళాను. ట్రాలీ నోటీసు బోర్డు పక్కనుంచే వెళ్ళింది. కాగితం తీసేశారు, నాలుగు మూలల గుండుసూదులు మాత్రం అలాగే ఉన్నాయి. మూడో రోజు పొద్దున్న పోయింది. గుండె అన్నారు. సస్పెన్షన్‌కూ గుండెకూ సంబంధం ఉందని నేను రాయడం లేదు. అర్జీలో రుజువు లేని సంగతి రాయకూడదు.

9. ఉత్తర్వు వచ్చిన రోజు దాన్ని ఫొటో తీసి మా అమ్మాయికి పంపాను. తను వేరే ఊళ్ళో టీచరు. వెంటనే ఫోన్ చేసింది.

“పోనీలే నాన్నా. క్షమించారు కదా. ఇంక నువ్వు దాన్ని పట్టుకుని కూర్చోకు. అమ్మకి ఆ టైములో ఒంట్లో బాగుండి ఉండదు, ఏదో మర్చిపోయుంటుంది.”

“ఊఁ” అన్నాను.

ఆ మాట ఏం చేస్తుందో అప్పుడు తెలిసింది. అంతవరకూ మా అమ్మాయి ‘మా అమ్మ చెయ్యలేదు’ అని అందరితోనూ వాదించింది. శిక్ష వేసి ఉంటే ఇంకా వాదించేది. క్షమించారు కనక ఊరుకుంది. ఏడో కౌంటరు గుమాస్తా అడిగినదానికి జవాబు ఇది. కాగితం నా కూతురికి ఇవ్వాలి.

10. ఉత్తర్వు వచ్చిన తర్వాతి వారం, శుద్ధి గదిలో రెండో షిఫ్టు చూసే ఆవిడ మా ఇంటికి వచ్చింది. నా భార్యను అక్కా అని పిలిచేది. లాకరులో మిగిలిపోయిన సామాను తెచ్చింది: ఒక దువ్వెన, చెప్పుల జత, విడి లంచ్ బాక్స్ మూత. “మీరు కూర్చోండి బావగారూ, టీ నేను పెడతాను” అని వంటగదిలోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. తర్వాత పంచదార డబ్బా మూత పట్టుకుని వచ్చింది.

“ఇది ఇంకా ఇక్కడే ఉందేంటి బావగారూ?”

నేను కుర్చీలోంచి లేచాను.

“మీరు ఆఫీసులో ఇచ్చేశారనుకున్నా. క్షమించామని బోర్డు మీద పెడితే, దీన్ని చూసే ఆ మాట రాశారనుకున్నా.”

“ఇది నీకెలా తెలుసు?”

“అక్క చూపించింది. సస్పెన్షన్‌లో ఉండగా వచ్చాను కదా, నాకు టీలోకి పంచదార తీస్తుంటే కనపడింది. పద అక్కా, ఇప్పుడే పట్టుకెళ్ళి వాళ్ళ మొహాన కొడదాం అన్నా. నవ్వింది. ‘ఇది నడుచుకుంటూ వచ్చి డబ్బాకి అంటుకోలేదు కదే. మీ బావగారి పనే. ఆయన చూసుకోలేదు. ఇప్పుడు నేను పట్టుకెళ్తే ఆ సంజాయిషీ రాసిన మనిషి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆయన చేత్తోనే ఇవ్వాలి’ అంది. చెమ్మకి అక్షరాలు పోతాయని పైన ప్లాస్టిక్ టేపు వేసింది. నా ముందే అంచులు కత్తిరించింది.”

“తర్వాత?”

“తర్వాత ఎప్పుడడిగినా ‘ఇంకా చూసుకోలేదే’ అనేది. ఆఖరిసారి మాత్రం, ‘చూసినట్టున్నారు. డబ్బా వెనక్కి పెట్టారు. ఇవాళో రేపో చెప్తారు, ఆగు’ అంది.”

ఎనిమిదో పేరాలో, డబ్బా పై అరలో పెట్టాను అని రాశాను. మిగతా డబ్బాల వెనక్కి నెట్టి పెట్టానని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పందొమ్మిది రోజులూ ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. సాయంత్రం నేను టీ పెట్టుకోవడానికి లేస్తే, అప్పుడప్పుడు వంటగది గుమ్మం దాకా వచ్చి నిలబడేది. ఏమైనా కావాలా అని అడిగేవాణ్ణి. ఏం లేదండీ అనేది.

11. కావున తమను కోరుకొనునది:

(అ) ‘ఆమె తప్పును క్షమించడమైనది’ అన్న మాటలు కొట్టివేసి, ‘సదరు ఉద్యోగి నిర్దోషి అని తేలినది’ అని రాయించగలరు. ‘చర్య అవసరము లేదు’ అని దిద్దవద్దని మనవి. ఫారంలో గడి లేకపోతే అంచున రాసినా చాలు.

(ఆ) సదరు దిద్దుబాటును క్యాంటీను పక్క బోర్డు మీదనే ముప్పై ఒక్క రోజులు ఉంచగలరు. గుండుసూదులు అక్కడే ఉన్నాయి.

(ఇ) తప్పు ఎవరిదో చూపకుండా ఫైలు ముందుకు కదలదంటే ఆ చోట నా వివరాలు రాయవచ్చు. నేను తమ ఉద్యోగిని కానందున నాపై చర్యకు తమకు వీలుండదని కౌంటరులో చెప్పారు. ఈ అర్జీ ప్రతిని మా కార్యాలయాధిపతికి నిన్న నేనే చేతికి ఇచ్చాను. సంజాయిషీలోని చేతిరాత నాదేనని దాని మీద రాసి సంతకం చేశాను.

(ఈ) నా విషయంలో మాత్రం ‘క్షమించడమైనది’ అని ఎక్కడా రాయవద్దు. ఆ పని అయిపోయింది. చేసిన మనిషి ఎవరి అనుమతీ అడగలేదు.

పై సంగతులు చిత్తగించవలెనని వేడుకుంటున్నాను. దీని కింద ‘తమ విధేయుడు’ అని పెట్టడం రివాజు. విధేయంగా రాసిన ఒక్క వాక్యం ఇంతపని చేసింది కనక ఈసారికి అది వదిలేస్తున్నాను.

ఇట్లు,
ఉద్యోగి సంఖ్య 417 భర్త

తా.క.: ఈ అర్జీ తపాలాలో రావడం లేదు. నిన్న మా అమ్మాయి వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. తను మధ్యలో ఆపలేదు. అయ్యాక మూత అడిగి తీసుకుంది. వాళ్ళమ్మ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. నాతో ఒక్క మాటే అంది: “తపాలాలో పంపితే విరుగుతుంది. నేనిస్తాను.” రాత్రి భోజనానికి కూర్చోలేదు. ఇప్పుడు బయల్దేరుతోంది. కనక ఇది తమకు అందించేది మా అమ్మాయే. తనకు ఏమైనా చెప్పదలచుకుంటే వాళ్ళమ్మ గురించే చెప్పండి, నా గురించి వద్దు.

పని అయ్యాక మూత తిరిగి ఇప్పించగలరు. చీమల కోసం కాదు. పరీక్షకని పైన ఉన్న ప్లాస్టిక్ టేపు ఊడదీయకండి. కింది ముక్క ఆమె తప్పు చేయలేదనడానికి రుజువు. పై ముక్క, నా తప్పు ఆమెకు తెలుసుననడానికి.